చెడిన రూపును దిద్దు శస్త్రవిద్య
(గండి క్షేత్రమున జరిగిన సంఘ వార్షిక మహాసభలో రెండవనాటి ఉదయమున చేయబడిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నన్నాహ్వానించునపుడు, "మీరు ప్లాస్టిక్ సర్జరీ చేయువారు గదా, అందము నిలుపుకొనుటను గూర్చి నాలుగు మాటలు సెలవిండు" అని కోరిరి. ఆ నాలుగు మాటలకు పత్రికలలోని ప్రకటనలే చాలును. నేను వేరొక సంగతి విన్నవింపదలచితిని. సామాన్యముగా చికిత్సకు లొంగని చిక్కుగాయములు, ఎన్నడో యొకటి వచ్చు వింతగాయములు మా యొద్దకు వచ్చినపుడు మేమేమి చేయుదుమో, ఆ పని ఎచ్చట నిలిచిపోవుచున్నదో చెప్పెదను. అది నిలిచిపోవుట తరచుగా శస్త్రశాలలో గాదు, ఇంటి గడపలో.

మనము కూర్చున్న యీ స్థలమునకే యొక కథ గలదు. పాపఘ్నీనది కొండను జీల్చికొని వెడలు ఈ గండిలో శ్రీరామచంద్రుడు తన బాణపు మొనతో శిలపై ఆంజనేయుని రూపమును గీసెననియు, చిటికెనవ్రేలు తీర్చుట మాత్రము మిగిలిపోయెననియు, తరువాత వ్యాసరాయలవారు ఆ రూపమును శిల్పముగా మలచుచు ఆ వ్రేలిని దిద్దబోగా రక్తము స్రవించెననియు పెద్దలు చెప్పుదురు. భక్తులకు దీనిలో మహిమ కన్పట్టును. శస్త్రవైద్యునకు మరి రెండు సంగతులు గూడ తోచును. ఎంతటివారు మొదలిడిన రూపమునకైనను ఒక వ్రేలు మిగిలియుండవచ్చును. మరియు, రక్తము స్రవించుచోటనే ప్రాణమున్నది. మా విద్య యంతయు ఈ రెండవదానిపై నిలిచియున్నది.

ఈ విద్యకు ప్లాస్టిక్ అను పేరు విని, బకెట్లు బిందెలు చేయు పదార్థమును దేహములో బెట్టుదురని భయపడువారు నేటికిని గలరు. ఆ మాట గ్రీకు భాషలోనిది. మట్టిని మలచినట్లు మలచుట యని దాని యర్థము. జర్మనీ వైద్యుడు జైస్ 1838లో తన గ్రంథమునకు ఈ పేరుంచెను. అప్పటికి నేటి ప్లాస్టిక్ పుట్టియే యుండలేదు.

పులివెందుల రైతులకు మా విద్యలోని మూలసూత్రమును నేను బోధింపనక్కరలేదు. చీనీమొక్కకు అంటు కట్టునపుడు మీరేమి చేయుదురు? నిమ్మజాతి పాదుమొక్క బెరడును చీల్చి, మేలుజాతి చీనీకన్నును దెచ్చి యందులో దోపి, కదలకుండ బిగించి కట్టుదురు. కన్ను కదలినను, అడుగున నీరు చేరినను అది యెండిపోవును. తొడనుండి పలుచని చర్మమును దీసి పుండుపై పఱచుట సరిగా నిట్టిదే. ఆ చర్మమునకు మొదటి రెండు దినములు తన రక్తము లేదు; అడుగున నూరు రసమును ద్రావి బ్రదుకును. పిమ్మట సన్నని రక్తనాళములు దానిలోనికి బ్రాకును. ఈలోపల రోగి చుట్టము కట్టు విప్పి "ఎట్లున్నదో చూతము" అన్నచో అంతయు వ్యర్థము. రైతు తన అంటును ప్రతిదినము విప్పి చూడడు; తన బిడ్డ కట్టును మాత్రము విప్పి చూచును!

అంటు పట్టుటకు అడుగున తడిగల నేల వలయును. ఎముక బయటపడినచోట, కండరపు నరము తెల్లగా తేలినచోట, బండపై నాటిన విత్తనమువలె అది మాడిపోవును. అట్టిచోటికి తన రక్తమును తానే తెచ్చుకొను చర్మము వలయును. ప్రక్కనున్న చర్మమును మూడువైపుల గోసి, నాలుగవవైపు కాడవలె నిలిపి, ఆ కాడగుండ రక్తము పాఱుచుండగా త్రిప్పి గాయముపై గప్పుదుము. దీనిని మేము ఫ్లాప్ అందుము. చిక్కుగాయములకు ఇదియే ప్రధానమైన ఆయుధము. ఇది మన దేశమునుండి ప్రపంచమునకు బోయినది.

సుశ్రుతసంహిత సూత్రస్థానములో తెగిన ముక్కును గట్టు విధానము గలదు. ముక్కు పరిమాణమునకు ఆకును గోసి కొలతగా నుంచుకొని, చెక్కిలినుండి అంత చర్మమును లేపి, ముక్కుమొండెముపై నతికి, ఊపిరికై రెండు గొట్టములను నిలుపవలెనని యందు చెప్పబడినది. తెగిన చెవితమ్మెలను గలుపుటకు పదునైదు తెఱగులు గూడ చెప్పబడినవి. ఇది గ్రంథములోని మాట. చేతిలోని విద్య యెట్లు బ్రదికెనో తెలుపు కథ వేఱొకటి యున్నది. అది మన సీమకు మిక్కిలి చేరువది.

టిప్పు సుల్తానుతో ఇంగ్లీషువారు చేసిన మూడవ యుద్ధము 1792లో సంధితో ముగిసెను. ఆ సంధిలోనే మన కడపసీమ టిప్పు చేతినుండి నిజాము చేతికి బోయెను. 1800లో కుంపిణీవారికి వచ్చెను. ఆ యుద్ధమున ఇంగ్లీషు సేనకు ఎద్దులబండి తోలు కవాస్జీ అను మహారాష్ట్రుడు పట్టువడగా టిప్పు మనుష్యులు అతని ముక్కును, ఒక చేతిని గోసివైచిరి. అతడు సేద్యము చేయు కులమువాడు. సుమారొక సంవత్సరము ముక్కు లేకయే యుండెను. పిదప పూనా చెంత ఇటుకలు చేయు కులమునకు జెందిన యొకడు అతనికి క్రొత్తముక్కు గట్టెను. మైనముతో ముక్కు అచ్చు దీసి, దానిని చదునుచేసి నొసటిపై నుంచి, చుట్టును గీత గీసి, ఆ మేర చర్మమును లేపెను; కనుబొమల నడుమ సన్నని కాడను మాత్రము విడిచెను. ఆ కాడమీదుగా చర్మమును మెలిపెట్టి క్రిందికి దింపి, మొండెము అంచులను గీరి, గాడిచేసి యందతికించెను. కుట్లు లేవు, కాచును నూరి గుడ్డపై బూసి యంటించెను. నాలుగు దినములు గడచిన పిమ్మట నేతిలో దడిపిన గుడ్డలు వేసెను. సుమారిరువదియైదవనాడు కనుబొమల నడిమి కాడను గోసి సరిచేసెను. క్రూసో, ఫిండ్లే యను ఇద్దఱు ఇంగ్లీషు వైద్యులు ఈ పనిని కన్నులార జూచిరి. 1794 అక్టోబరులో లండనునగరపు జెంటిల్మన్స్ మేగజైనులో ఇది చిత్రముతో ప్రకటింపబడెను. దానిని జదివిన కార్ప్యూ అను వైద్యుడు చాలకాలము శవములపై నభ్యసించి, 1814లో లండనులో నొక సైనికోద్యోగికి అట్లే ముక్కు గట్టి, 1816లో గ్రంథము వ్రాసెను. యూరపువారికి ఈ పద్ధతి యట్లు తెలిసినది.

నేడు మేము నొసటి చర్మముతో ముక్కు గట్టునపుడు ఆ కాడనే, ఆ కనుబొమల నడుమనే నిలుపుదుము. కాడను గోయుటకు మూడువారములు ఆగుదుము. మత్తుమందు వచ్చినది, సూది సన్నబడినది, లోపల చెవినుండి దీసిన మృదులాస్థితో దూలము నిలుపుచున్నాము. దారి మాత్రము ఆ ఇటుకల పనివానిదే. కులసభలో నిలిచి ఈ మాట చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది. అతని పేరెవ్వరును వ్రాసికొనలేదు. కులము మాత్రము వ్రాసికొనిరి.

ఇక మన ప్రాంతపు గాయములకు వత్తును.

లంకమల, పాలకొండల చెంత గ్రామములలో ఎలుగుబంటి పైబడినవారిని చూచియుందురు. ఆ మృగము నిలువబడి ముఖమునే చీల్చును. ముక్కు, కనుఱెప్ప, నెత్తిచర్మము ఒక్క దెబ్బతో లేచిపోవును. చూచువారికి ముఖమే పోయినట్లుండును. కాని శుభ్రముగా కడిగి, తునకతునకను వెదకి తన తావునకు జేర్చినచో పోయినది అనుకొన్నంత యుండదు. ముఖమునకు రక్తము సమృద్ధిగా వచ్చును గనుక వెండ్రుకంత చర్మముతో వ్రేలాడు తునక గూడ బ్రదుకవచ్చును. కావున మొదట చూచువారు, "ఇది పనికిరాదు" అని దానిని గోసి పాఱవేయరాదు. గాయమును పుష్కలముగా నీటితో కడిగి, శుభ్రమైన తడిగుడ్డ గప్పి పంపుడు. పిచ్చికుక్కల వ్యాధికి వేయు టీకాయు తప్పక వేయింపుడు. ఈ రోగులకు ఒకటే శస్త్రచికిత్స చాలదు. మొదట ప్రాణము, ఊపిరి, పిమ్మట కన్ను మూసికొనునట్లు చేయుట, తరువాత పెదవి మూసికొని నీరు త్రాగగల్గుట, చిట్టచివర రూపు. బంధువులు ఈ వరుసను తలక్రిందులుగా నడుగుదురు.

పొలములో ట్రాన్స్‌ఫార్మరు చెంత ఫ్యూజు వేయబోయి కరెంటు తగిలిన రైతుల గాయము మఱియొక రకము. పైకి అరచేతిలో రూపాయియంత నల్లమచ్చ. లోపల మోచేతివఱకు కండ యుడికిపోయి యుండును. ఉడికిన కండ ఉబ్బును, చర్మము చాలదు, రక్తము నిలిచిపోవును. మేము వెంటనే ముంజేతిని నిలువున గోసి ఆ బిగువును విడిపింపవలెను. కొన్ని గంటలు దాటినచో ఆ కోత గూడ చేతిని గావలేదు. "చిన్నమచ్చకు చేయంతయు చీల్చిరి" అని తగవునకు వచ్చిన తండ్రులు గలరు. ఆ కోతవలననే పిమ్మట చేయి మిగిలినవారును గలరు.

యంత్రములో వ్రేలో చేయియో తెగినపుడు ఏమి చేయవలెనో తెలియకుండుటవలన పోవు చేతులు పెక్కు. తెగిన భాగమును శుభ్రమైన తడిగుడ్డలో జుట్టి, నీరు చొరని సంచిలో నుంచి మూతిగట్టి, ఆ సంచిని మంచునీటిలో నుంచవలెను. మంచుగడ్డ మాంసమునకు నేరుగా తగులరాదు. తగిలినచో గడ్డకట్టి చచ్చును. ఇట్లు చల్లగా నుంచిన వ్రేలు పండ్రెండు గంటలకు పైగా గూడ నిలువవచ్చును. కండగల చేతికి ఆరుగంటలే గడువు. 1965లో జపానులో కొమత్సు, తమాయి అను వైద్యులు సూక్ష్మదర్శినిక్రింద రక్తనాళములను గుట్టి తెగిన బొటనవ్రేలిని బ్రదికించిరి. 1994లో పంజాబులో నొక పల్లెబాలిక జడ పొలపు యంత్రములో జిక్కి, నెత్తితో గూడ ముఖమంతయు రెండు ముక్కలుగా నూడివచ్చెను. ఇంటివారు తెలివిగలవారై ఆ ముక్కలను సంచిలో నుంచి బాలికతోబాటు లూధియానా క్రైస్తవ వైద్యకళాశాలకు దెచ్చిరి. అచ్చటి అబ్రహాం థామస్ వైద్యుడు ఆ ముఖమును మరల నతికి, రక్తనాళములను గలిపి బ్రదికించెను. ప్రపంచమున అట్టి పని జయప్రదమగుట అదియే మొదటిసారి యని చెప్పుదురు. సంచిలో నుంచవలెనని తోచిన ఆ ఇంటివారికిని దానిలో భాగము గలదు. మన స్త్రీలు వేరుసెనగ యంత్రముచెంత నిలుచునపుడు జడను, పైటకొంగును బిగించి కట్టుకొనవలెనని మాత్రము మీ ఊళ్లలో చెప్పుడు.

గ్రహణమొఱ్ఱిని గూర్చి యొక్క మాట చాలును. గ్రహణమునకు దానికిని సంబంధము లేదు; ఆ తల్లి కత్తి పట్టినందున రాలేదు. పెదవిని మూడు మొదలు ఆరునెలలలోపల, అంగుటిని ఏడాది ప్రాంతమున, అనగా మాటలు రాకమునుపే గుట్టింపవలెను. పెండ్లియీడు వచ్చినపుడు తెచ్చినచో పెదవి కలియును గాని మాట స్పష్టముగా రాదు.

నా మనస్సునకు మిక్కిలి భారమైనది కాలిన గాయముల సంగతి. మెడ, రొమ్ము కాలిన స్త్రీకి ప్రాణము దక్కినను, పుండు మానునపుడు మచ్చ ముడుచుకొనును. గడ్డము రొమ్మునకు అంటుకొనిపోవును, క్రిందిపెదవి లాగబడి నోరు మూయరాదు, చొంగ కారుచుండును, ఆకాశము చూడలేదు. మత్తు ఇచ్చువైద్యునకు గూడ గొంతులో గొట్టము వేయుట గండము. ఆ ముడుతను గోసి విడిపించినచో మెడపై జానెడు పుండు తెఱచుకొనును. దానిపై చర్మమును అంటుగట్టినచో అదియు ముడుచుకొనజూచును. అంటు పలుచనైనకొలది ముడుత హెచ్చు. కావున ఆరునెలలకు తక్కువగాక మెడకు పట్టీ వేసికొని, వ్యాయామము చేయుచు, పిలిచినపుడెల్ల రావలెను. చిక్కుకేసులలో వెన్నునుండియో తొడనుండియో రక్తనాళముతోగూడ దళసరి చర్మమును దీసి, సూక్ష్మదర్శినిక్రింద మెడలోని నాళమునకు గలుపుదుము. ఆ రాత్రి గంటగంటకు దాని రంగు చూచుచు మేల్కొనియుందుము. అదియు చేయగలము. కాని ఆమె రెండవమారు రానిచో మేమేమియు చేయలేము.

ఆమె యేల రాదు? మొదటిమారు ఊరంతయు చందా వేసికొని పంపును. రెండవమారునకు కోతలు వచ్చును, పెద్దకుమార్తె పెండ్లి వచ్చును, తోడువచ్చు తల్లికి కూలి పోవును. 2007లో ఆరోగ్యశ్రీ యని యారంభమై పేర్లు మార్చుకొనుచు వచ్చిన ప్రభుత్వపథకము శస్త్రచికిత్సకు చేయూత నిచ్చుచున్నది. అది పేదలకు చేసిన మేలు గొప్పది. తోడువచ్చినవారు నెలలతరబడి పోగొట్టుకొను కూలి మాత్రము అందులో లేదు.

మఱియొక కారణమును గూడ దాచక చెప్పెదను. స్టవ్వు ప్రేలెనను మాట నేను వినినన్ని మారులు ఈ జిల్లాలో స్టవ్వులు అమ్ముడుపోయియుండవు. నిజమునకే ప్రమాదములు గలవు. వంటయింట చీరకొంగు అంటుకొనుట యున్నది. కాని నిప్పు ఎట్లు వచ్చెనో కాలిన తీరు కొంత చెప్పును. అడిగిన వినని నోళ్లు, ఎవ్వరును అడుగకుండుటకై బిడ్డను వెనుకగదిలో దాచు ఇండ్లు మన సంఘములో లేవని యెవరైన అనగలరా? ఆమె మరల ఆసుపత్రికి వచ్చినచో కథ మరల బయటికి వచ్చునని భయము. ఆ భయమువలన ఒక మెడ పదియేండ్లు వంగియుండును. ఈ సభలో కులగౌరవమను మాట నిన్న పండ్రెండు మంది వక్తలు పలికిరి. ఆ మాటను వెనుకగదిలోని బిడ్డ వినిన నేమనుకొనునో.

ఊరి చూపు రోగికి ఎంత ముఖ్యమో యింగ్లాండులో నొకచోట తేలినది. మొదటి ప్రపంచయుద్ధమున గిల్లీస్ అను వైద్యుడు సిడ్‌కప్‌లోని ఆసుపత్రిలో తన తోటివారితో గూడి ముఖములు చెదరిన సైనికులను అయిదువేలకు పైగా చేర్చుకొని, పదునొకండు వేలకు పైగా శస్త్రచికిత్సలు చేసెను. తలకు సగటున రెండు కన్న నెక్కువయని గమనింపుడు. రెండవయుద్ధమున ఆయన బంధువగు మెకిండో, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను చిన్నయూరిలో కాలిన విమానయోధులను బాగుచేసెను. ఒక్కొక్కనికి ఏండ్లతరబడి చికిత్స. ఆయన వారిని గదులలో దాచలేదు, ఊరిలోనికి బంపెను. ఊరివారికి ముందే చెప్పి, వారిని విందులకు పిలుచునట్లును, ముఖము త్రిప్పుకొనక మాటాడునట్లును చేసెను. తేఱిపాఱ జూడని ఊరని దానికి పేరు వచ్చెను. రోగులు 1941లో గినీపిగ్ క్లబ్బని యొక సంఘమును స్థాపించుకొనిరి. యుద్ధము ముగియునాటికి 649 మంది సభ్యులైరి.

మనకు చేరువలో, చిత్తూరు దాటిన వెంటనే వచ్చు వేలూరులో, పాల్ బ్రాండ్ అను వైద్యుడు 1940ల చివరనుండి కుష్ఠురోగుల ముడుచుకొనిన వ్రేళ్లను, కండరనరములను మార్చి కట్టి తెఱపించెను. వ్రేళ్లు రోగమువలన రాలుట గాక, స్పర్శ లేక కాలుటవలనను గాయములవలనను అఱుగుచున్నవని చూపెను. చేయి తెఱచుకొనిన పిమ్మట ఆ రోగులు ఆయనతో చెప్పినదేమనగా, బాగైన చేతికి భిక్షమెవ్వరు వేయరు, కుష్ఠువచ్చిన చేతికి పని యెవ్వ రియ్యరు అని. అందువలన ఆయన వారికై పనినేర్పు నివాసము నొకటి పెట్టవలసివచ్చెను. శస్త్రచికిత్సలో అదియు భాగమే యయ్యెను.

మన సంఘనిధినిగూర్చి రేపటి సభలో చర్చ యున్నదని వింటిని. ద్వారములకు, కల్యాణమండపమునకు దాతలు ముందుకు వచ్చుచున్నారు. వారి యౌదార్యమును నేను తక్కువ చేయను. నేనడుగునది చిన్నది. తిరుపతిలోనో కర్నూలులోనో పెద్దాసుపత్రికి నడచిపోవునంత దూరమున నాలుగు గదులు, ఒక వంటయిల్లు. దానిలో రోగియు, తోడువచ్చిన యొకరును మూడువారములు ఉచితముగా నుండవలెను. ఎందుకనగా ముక్కుకాడను గోయుటకు పట్టునది మూడువారములు. తోడువచ్చినవారికి దినకూలి. రెండవ, మూడవ చికిత్సలకు తేదీలు వ్రాసిన పుస్తకము నొకటి యుంచి, తేదీ దాటినవారి యింటికి మనిషిని బంపుటకు జీతగాడు నొకడు. గదులు కులమువారికే యుండవలెనా యని కొందఱు నన్ను నిన్న రాత్రి అడిగిరి. వెన్నునుండి దీసిన చర్మమును మెడకు గుట్టునపుడు ప్రక్కబల్లపై నున్న రోగి కులమును నేనడుగను. సత్రములో వంటమనిషి గూడ అడుగకుండిన మేలు. ఇది నా యభిప్రాయము, తీర్మానము మీది.

నేను రేపు మధ్యాహ్నమువఱకు ఈ క్షేత్రముననే యుందును. చూపదలచినవారు పాత చీటీలను, ఫోటోలను, చికిత్స జరిగిన తేదీలను వెంటదీసికొనిరండు. ఉదయము రండు, దీపపు వెలుతురున మచ్చ రంగు సరిగా తెలియదు. ముసుగు వేసికొనియే వచ్చినను సరే, స్త్రీలకొఱకు వెనుక గది నొకటి, తోడుగా నర్సమ్మను ఏర్పాటు చేసితిమి. ఎట్లు కాలినదని అక్కడ నేను గాక నర్సమ్మ యడుగును. బంధువులు బయట కూర్చుందురు.